మార్జిన్ పాజిటివ్ అంటే క్యాన్సర్ మిగిలిపోయిందని కాదు

"పుట్టుమచ్చ బయాప్సీలో అటిపికల్ అనో డిస్ప్లాస్టిక్ అనో వస్తే అది క్యాన్సర్‌కి తొలి మెట్టు. మార్జిన్ పాజిటివ్ అంటే వేర్లు లోపలే ఉన్నట్టు. చుట్టూ చర్మం వీలైనంత ఎక్కువ తీయించేయండి, ఇక భయం ఉండదు." ఈ ఫార్వర్డ్ బాగా తిరుగుతోంది. అటిపికల్ అన్నా డిస్ప్లాస్టిక్ అన్నా మైక్రోస్కోపు కింద కణాలు కాస్త తేడాగా కనబడే మచ్చ అని; మార్జిన్ అంటే కోసి తీసిన ముక్క అంచు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ల చేతికి ఇలాంటి రిపోర్టులు తరచుగా వస్తుంటాయి. దీన్ని నమ్మి అనవసరంగా కోత పెట్టించుకునేవాళ్లున్నారు కాబట్టి ఒక్కో మాటా చూద్దాం.

ముందు "తొలి మెట్టు" సంగతి. ఇక్కడ భయపడే క్యాన్సర్ మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. మెలనోమాల్లో దాదాపు 70 శాతం ఏ మచ్చా లేని మామూలు చర్మం మీదే పుడతాయి. అటిపికల్ మచ్చల్లో అత్యధికం జీవితాంతం అలాగే ఉండిపోతాయి. అవి ఎక్కువగా ఉన్న మనిషికి మెలనోమా ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ ఆ ముప్పు ఒంటి మొత్తానికి సంబంధించింది, ఆ ఒక్క మచ్చకి కాదు.

ఇక "వేర్లు". ల్యాబ్‌లో ఆ చర్మం ముక్క అంచులకి ఇంకు పూస్తారు. తర్వాత సన్నటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెడతారు. మచ్చ కణాలు ఇంకు గీత దాకా వచ్చి ఉంటే "మార్జిన్ పాజిటివ్" అని రాస్తారు. అంటే మచ్చ కణాలు కొన్ని చర్మంలో మిగిలి ఉండొచ్చని అర్థం. అవి క్యాన్సర్ కణాలని ఆ మాట చెప్పడం లేదు.

అసలు తేల్చుకోవాల్సింది గ్రేడు, అంటే కణాల్లో తేడా ఎంత ఉందన్నది: మైల్డ్ (కొద్దిగా), మోడరేట్ (మధ్యస్థం), సివియర్ (ఎక్కువ). మైల్డ్ అయితే, మచ్చ రంగు కంటికి ఏమీ మిగలకపోతే, మార్జిన్ పాజిటివ్ అయినా వదిలేసి గమనించవచ్చు. సివియర్ అయితే ఫార్వర్డ్ చెప్పింది కొంతవరకు సరైనదే. దాన్ని మెలనోమా నుంచి విడదీసి చెప్పడం కష్టం కాబట్టి సాధారణంగా చుట్టూ 2 నుంచి 5 మిల్లీమీటర్లు తీస్తారు. దాన్ని వాయిదా వేయకండి.

అందరికీ టెన్షన్ పెట్టేది మధ్యలో ఉన్న మోడరేట్. దీని మీద అమెరికాలో 9 కేంద్రాల్లో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. మార్జిన్ పాజిటివ్ అయినా కంటికి రంగేమీ మిగలని 467 మోడరేట్ మచ్చలను మళ్లీ కోయకుండా సగటున దాదాపు 7 ఏళ్లు గమనించారు. ఆ చోట మెలనోమా ఒక్కరికీ రాలేదు. నా దృష్టిలో ఇంత ఊరటనిచ్చే సంగతి ఏ ఫార్వర్డ్‌లోనూ కనబడకపోవడం అన్యాయం. అయితే ఒక షరతు మరిచిపోకూడదు: పెద్ద మచ్చలోంచి చిన్న ముక్కే తీసి, మిగతాది కళ్ల ముందే ఉంటే ఈ లెక్క వర్తించదు. అప్పుడు మిగిలినది తీయించడమే మంచిది.

గ్రేడు కూడా రాతిమీద గీత కాదు. 2017లో వచ్చిన మరో అమెరికా అధ్యయనంలో 187 మంది పాథాలజిస్టులు (ముక్కను మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాసే డాక్టర్లు) పాల్గొన్నారు. మధ్యలో ఉండే గ్రేడుల విషయంలో ఒకరి మాటకి మరొకరి మాట చాలాసార్లు కలవలేదు. కాబట్టి మోడరేట్‌కీ సివియర్‌కీ మధ్య ఊగే రిపోర్టు వస్తే, కత్తి కన్నా ముందు అదే స్లైడును చర్మ పాథాలజీలో ప్రత్యేక అనుభవమున్న ఇంకొకరికి చూపించమని అడగండి. ఆ అడగడంలో తప్పేం లేదు.

"ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిది" అన్నది లెక్క వేస్తేనే తేలిపోతుంది. 6 మిల్లీమీటర్ల మచ్చకి అటూ ఇటూ 5 చొప్పున తీస్తే వెడల్పు 16. కుట్లు సాఫీగా కలవాలంటే కోత పొడవు వెడల్పుకి మూడింతలు ఉండాలి, అంటే దాదాపు 5 సెంటీమీటర్లు. వీపు మీద ఆ కుట్ల గీత సాగి వెడల్పవుతుంది. మన చర్మంలో ఛాతీ మీద, భుజాల మీద కీలాయిడ్ (గాయం మానాక ఉబ్బెత్తుగా పెరిగే మచ్చ) గడ్డ కట్టే అవకాశమూ ఎక్కువే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది "ఇక భయం ఉండదు" అన్న భరోసా. ఆ 2018 అధ్యయనంలోనే, కోసిన చోట రాకపోయినా, ఒంటి మీద వేరే చోట మెలనోమా వచ్చినవాళ్లు 22.8 శాతం. వాళ్లు ముప్పు ఎక్కువున్న పేషెంట్లు, నిజమే. అటిపికల్ రిపోర్టు వచ్చినవాళ్లు తల నుంచి పాదాల దాకా క్రమం తప్పకుండా చూపించుకోవాల్సింది అందుకే. మన రంగు చర్మంలో మెలనోమా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద రావడం తెల్లవాళ్లతో పోలిస్తే ఎక్కువ పాళ్లలో ఉంటుంది. పరీక్షకి వెళ్లినప్పుడు సాక్సులు విప్పండి, నెయిల్ పాలిష్ తుడిచేసుకుని వెళ్లండి. చాలా గోళ్లకి సన్నటి గీతలుండటం మనకి మామూలే. ఒక్క గోరుకే కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్ల గీత ఉంటే మాత్రం డాక్టరు అడగకపోయినా మీరే చూపించండి.