కేస్‌షీట్‌లో ‘పరారీ’

రోగి చెప్పకుండా మంచం దిగి వెళ్ళిపోతే ఆస్పత్రి కేస్‌షీట్‌లో రాసే మాట ఒకటుంది: ‘అబ్‌స్కాండెడ్’. అంటే పరారీ. పోలీసులు ముద్దాయికి వాడేదీ ఈ మాటే. గుంటూరు, విజయవాడ పెద్దాస్పత్రుల్లో గిరిజనుల అత్యవసర వైద్యం గురించి మాట వస్తే పడకలు, వెంటిలేటర్లు, 108 వాహనాల లెక్కలే వినిపిస్తాయి. నన్నడిగితే ముందు ఈ మాట సంగతి తేల్చాలి.

ఆ మధ్య ఈ ప్రాంతంలోనే ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో బంధువు కోసం రాత్రంతా కూర్చున్నాను. ఎనిమిదింటికి ఒక యానాదిని తెచ్చారు. ఎలుకల కోసం పొలం గట్టు తవ్వుతుంటే రక్తపింజర కాటేసింది. హౌస్ సర్జన్ అతని రక్తం కొంచెం గాజుగొట్టంలో తీసి బల్ల మీద నిలబెట్టింది. ఇరవై నిమిషాలయ్యాక వంచితే నీళ్ళలా పారింది, గడ్డకట్టలేదు. వెంటనే విరుగుడు మందు ఎక్కించింది. ఆమె పనికి వంక పెట్టలేను. తర్వాత ఆస్పత్రి పోలీసు ఔట్‌పోస్టు కానిస్టేబుల్ వచ్చాడు, పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు కదా. పేరు, ఊరు రాసుకుని, ‘ఎవరి పొలం? అక్కడ నీకేం పని?’ అన్నాడు. గద్దించలేదు, మామూలుగానే అడిగాడు. రోగి జవాబు చెప్పకుండా భార్య వైపు చూశాడు. తెల్లవారేసరికి స్ట్రెచర్ ఖాళీ. పీకేసిన సెలైన్ గొట్టం నేల మీద చుక్కలు కారుస్తోంది.

రక్తపింజర విషానికి ఒక్క విడత మందు సరిపోకపోవచ్చు. ఆరు గంటలకు మళ్ళీ పరీక్షించి, రక్తం గడ్డకట్టకపోతే మళ్ళీ ఎక్కించాలి. ఆ ఆరు గంటలు అతన్ని మంచం మీద ఉంచలేకపోవడం వైద్యంలో లోపమే.

పోలీసు ప్రశ్న అంటే ఈ భయం ఎక్కడిదో ఈ జిల్లావాళ్ళకు వేరే చెప్పాలా? బాపట్ల పక్కనే స్టూవర్టుపురం ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చాక, ఎరుకలను తెచ్చి కాపలాలో పెట్టిన ఊరు. పుట్టుకే నేరం, కదిలితే అనుమానం. చట్టం 1952 కల్లా దేశమంతటా రద్దయింది. ‘నీకేం పని’ అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది, ఎరుకలకే కాదు, యానాదులకూ.

వైద్యుల వాదనా విన్నాను. ఒక్కో మంచానికి ఇద్దరు రోగులున్నచోట ఎవరు లేచి వెళ్తున్నారో ఎవరు చూస్తారు, రేపు ప్రాణం పోతే మామీదకు రాకుండా ఏదో ఒకటి రాయాలి కదా అంటారు. రాయండి. కానీ రోగికి పెట్టే ఆస్పత్రి భోజనం వెంట వచ్చిన భార్యకు ఉండదు, ఇంటి దగ్గర పిల్లల్ని పోషించే కూలి ఆ రోజు ఉండదు. అవి ఏ గడిలో రాస్తున్నారు?

ఆస్ట్రేలియాలో ఆదివాసీలు చికిత్స మధ్యలో వెళ్ళిపోవడాన్ని ఆరోగ్య వ్యవస్థ పనితీరు కొలతల్లో ఒకటిగా లెక్కిస్తారు. కెనడాలో 2008లో, విన్నిపెగ్ ఆస్పత్రి అత్యవసర విభాగంలో బ్రయన్ సింక్లెయిర్ అనే ఆదివాసీ చక్రాల కుర్చీలో 34 గంటలు పడిగాపులు పడి చనిపోయాడు. నయం చేయగలిగిన మూత్రాశయ ఇన్‌ఫెక్షనే అది. తాగి ఉన్నాడని సిబ్బందిలో కొందరు అనుకున్నారు. అక్కడ కదలనివాడు తాగుబోతు, ఇక్కడ కదిలినవాడు పరారీ.

అసలు మన ఫైళ్ళ భాషే అంత. పల్నాడు చెంచు కుటుంబాన్నే తీసుకోండి. పిల్ల బడికి రాకపోతే ‘డ్రాపౌట్’, తండ్రి అడవిలో నాలుగు గింజలు చల్లుకుంటే ‘ఆక్రమణదారు’, తల్లి ఆస్పత్రి నుంచి వెళ్ళిపోతే ‘అబ్‌స్కాండెడ్’. బడి ఎంత దూరమో, 2006 అటవీ హక్కుల చట్టం కింద రావలసిన పట్టా ఎందుకు రాలేదో చెప్పే గడి మాత్రం ఏ దరఖాస్తులోనూ కనిపించదు.

ఉమ్మడి గుంటూరు జిల్లా జనాభాలో గిరిజనులు సుమారు 5 శాతం. యానాదుల గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) నెల్లూరులో, చెంచులది శ్రీశైలంలో, రెండూ దూరమే. విశాఖ పెద్దాస్పత్రి కేజీహెచ్‌లో ఏజెన్సీ రోగుల కోసం ఎస్టీ సెల్ పెట్టగలిగినవాళ్ళు, ఈ మైదానపు క్యాజువాలిటీల్లోనూ యానాది, చెంచు, ఎరుకల ఇళ్ళ నుంచి వచ్చిన మనుషులను జీతమిచ్చి కూర్చోబెట్టవచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు నంబరు సరిచూడటానికి ఆరోగ్యమిత్ర ఉన్నారు. కానిస్టేబుల్ అడిగేటప్పుడు మంచం పక్కన నిలబడటానికి, భార్యకు అన్నం పెట్టించడానికి, ఆరు గంటల పరీక్ష ఎందుకో చెప్పడానికి మనిషి కావాలి. పగటి డ్యూటీ ఒక్కటే చాలదు. ఆ రోగి వచ్చింది రాత్రి ఎనిమిదింటికి.