హాలు గోడ మీది డిమ్మర్ గారికి, ఆడపిల్ల తండ్రి రాయునది

మహారాజశ్రీ డిమ్మర్ గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనని తెలుసు. ఈ ఇంట్లో ఏది పాడైనా తమరు మాత్రం పాడవరు కదా.

నిన్న సాయంత్రం మా అమ్మాయి పెళ్లిచూపులు. తమరూ గోడ మీద ఉండి చూశారు. అబ్బాయి వాళ్లమ్మగారు కాఫీ కప్పు అందుకుంటుంటే మా ఆవిడ "లైట్లు కాస్త తగ్గించండి, కళ్లలోకి కొడుతున్నాయి" అంది. తమరి నాబ్ తిప్పి వెలుగు తగ్గించాను. అంతే, సీలింగ్‌లోని నాలుగు లైట్లూ వినాయక మండపం సీరియల్ బల్బుల్లా కొట్టుకున్నాయి. పైన తుమ్మెద దూరినట్టు జుయ్‌మని ఒకటే మోత. అబ్బాయి వాళ్లమ్మగారు తలెత్తి చూసి, "ఇల్లు కొత్తదే అన్నారు కదా వదినగారూ, వైరింగ్ పాతదా?" అన్నారు.

పోయిన ఆదివారమే 50 వాట్ల హాలోజెన్లు నాలుగూ పీకించి, 5 వాట్ల ఎల్‌ఈడీలు పెట్టించాను. డబ్బా మీద డిమ్మబుల్ అని చూసే కొన్నాను. వెలుగు తగ్గించగానే ఈ నాట్యం మొదలైంది. ఇక ఆ మధ్యాహ్నమంతా తీర్థయాత్రే. ఎలక్ట్రీషియన్ "బల్బులు లోకల్ సార్" అన్నాడు. బల్బుల షాపాయన, పైన దాగి ఈ లైట్లకి వోల్టేజి తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ చూపించుకోమన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్లు అమ్మేవాడు "డిమ్మర్ ఏం పెట్టారండీ?" అన్నాడు. తమరిని అమ్మిన పెద్దమనిషి మాత్రం తలెత్తకుండానే, "అన్నిటికీ సెట్ అవుతుంది సార్" అన్నాడు.

అన్నిటికీ సెట్ అవుతుంది! ఈ మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతోంది.

ఇవాళ పొద్దున్నే స్టూలెక్కి, లైటు కన్నంలో చెయ్యి పెట్టి ఆ ట్రాన్స్‌ఫార్మర్ని బయటికి లాగాను. సబ్బుబిళ్లంత తెల్ల డబ్బా, దాని మీద వేలెడు దుమ్ము. సెల్‌ఫోన్ టార్చి వేస్తే నువ్వుగింజలంత అక్షరాల్లో '60-210 వాట్స్' అని ఉంది. బల్బుల వాట్లన్నీ కలిపి 60కి తక్కువైతే అది సరిగ్గా పనిచెయ్యదట. నాలుగైదులు ఇరవై. కరెంటు ఆదా చేసిన పాపానికి దానికి తిండి చాలక మూర్ఛలొస్తున్నాయి.

దాని కింద ఇంకో ముక్క ఉంది: ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మరే వాడాలని. తమరేమో లీడింగ్ ఎడ్జ్. మనకొచ్చే 50 హెర్ట్జ్ కరెంటులో సెకనుకి 100 అరతరంగాలు. తమరు ప్రతి దానికీ తల నరికి, మిగతాది వదులుతారు. అంటే సెకనుకి వందసార్లు కరెంటు ఒక్కసారిగా మీద పడుతుంది. ఇనుప కోర్ మీద రాగి తీగ చుట్టిన పాతకాలం బరువు ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఆ దెబ్బ కాచుకుంటుంది. ఈ ఎలక్ట్రానిక్ డబ్బాకి మాత్రం తల వదిలేసి తోక కోసేవాడు కావాలి. అందుకే హాలోజెన్లున్నప్పుడూ సన్నగా గీపెట్టేది, ఏసీ శబ్దం అనుకునేవాళ్లం. అసలు ఈ కోతల సంగతి తమరొచ్చిన అట్టపెట్టె మీద ఒక్క ముక్కైనా ఉందా? ఉన్నదల్లా నవ్వుతున్న కుటుంబం ఫొటో.

ఎలక్ట్రీషియన్ ఇంకో ఐడియా కూడా ఇచ్చాడు, "ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టేద్దామా సార్?" అని. వాడి సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.

అమ్మాయికీ అబ్బాయికీ 36 గుణాల్లో 27 కలిశాయని పంతులుగారు పంచాంగం తిప్పి తిప్పి చూసి చెప్పారు. నీకూ ఆ డబ్బాకీ ఒక్క గుణమైనా కలిసిందో లేదో చూసినవాడు లేడు. ఒకే వైరుకి ముడేసి, మీద సీలింగ్ మూసేసి, పెయింటు కొట్టి వెళ్లిపోయారు. మూడేళ్ల నుంచి మీ కాపురం రొద వింటున్నది మేం. సిగ్గుందా నీకు? ఆవిడ పైకి చూసినప్పుడైనా ఒక్క క్షణం నోరు మూసుకోలేకపోయావా?

చివరికి ఏం చేశామో తెలుసా? అటక మీంచి పాత హాలోజెన్ ఒకటి తెచ్చి నాలుగో కన్నంలో పెట్టాం. మూడైదులు పదిహేను, యాభై కలిపితే అరవై అయిదు. డబ్బా కడుపు నిండింది, కొట్టుకోవడం ఆగింది. మూడు లైట్లు తెల్లగా, ఒకటి పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదాని కింద కూర్చుంటే మాడు వేడెక్కుతోంది. మోత మాత్రం అలాగే ఉంది. కొత్త డిమ్మర్ కొంటే గానీ పోదట, దానికీ అదే షాపుకి వెళ్లాలట.

అబ్బాయి వాళ్లు శుక్రవారం ఫోన్ చేస్తామన్నారు. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకుండా మా ఆవిడ నీ నాబ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు అతికించింది.

ఇట్లు,
స్టూలు మీంచి ఇంకా దిగని ఇంటి యజమాని