ఆకాశనీలం బావగారు

ఉద్యోగ విరమణ చేసిన మా బావగారు ఇకపై కోపమన్నది లేకుండా శాంతమూర్తిగా బతకాలని నిశ్చయించుకుని, అందుకు తొలి మెట్టుగా నెల్లూరు మూలాపేటలోని తమ పాత ఇంటి హాలుకు స్వహస్తాలతో ఆకాశనీలం రంగు వేస్తామని ప్రకటించారు. మనిషి మారడమంటే గోడకు కొత్త రంగు వేయడమేనని ఇంటికి వచ్చిన ప్రతివారికీ బోధించారు. ఆయనను ఇన్నేళ్లుగా చూస్తున్న మా అక్క మాత్రం ఆ బోధ ముగిసేదాకా ఆగి, కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

ఖర్చు తెలుసుకుందామని పిలిపించిన రంగుల మేస్త్రి, గోడను అరచేత్తో ఒకసారి రుద్ది, తెల్లబడిన ఆ చేతిని బావగారి కళ్ల ముందు పెట్టాడు.

"పాత సున్నం సామీ. అంతా గోకి, ప్రైమర్ కొట్టాల. అదీ సంకురాత్రి దాటినాక చూద్దాం."

పొడిగా రాలే సున్నం మీద ఎమల్షన్ వేస్తే అది గోడను కాక ఆ పొడినే పట్టుకుంటుందనీ, నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్యే కురుస్తుంది గనుక గోడలోని చెమ్మ బయటికి దారిలేక రంగును బుడగలుగా లేపుతుందనీ అతని వాదన. బావగారు అతణ్ణి నిరాశావాదిగా తేల్చి, మజ్జిగ ఇచ్చి పంపేశారు. ఆ మజ్జిగ కొత్త శాంతంలో భాగమని పాఠకులు గమనించాలి.

కార్తీకమాసపు ముసురులో కావలి నుంచి వియ్యంకుడుగారు వచ్చారు. ఆరీ ఆరని నీలిగోడకు వీపు ఆనించి కూర్చుని, గోడకూ మనిషికీ గల పోలికలను ఆయన శ్రద్ధగా విన్నారు. కాఫీ అందుకోవడానికి ముందుకు వంగేసరికి వెనక ఏదో చిరిగిన చప్పుడైంది. జిగట వదలని నీలిపొర, తువ్వాలంత మేర, సున్నపు పొడితో సహా గోడను విడిచి ఆయన తెల్ల లాల్చీ వెంట వచ్చేసింది.

బావగారు కళ్లు మూసుకుని దీర్ఘంగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ తరువాత రంగు అమ్మిన కొట్టువాణ్ణీ, వాననూ, ఆ గోడ కట్టించిన తమ తాతగారినీ వీధి చివరిదాకా వినిపించేలా తిట్టారు. అసలు గోడకు ఆనుకోమని ఎవరు చెప్పారని వియ్యంకుడుగారినీ అడగబోయి, మా అక్క దగ్గడంతో ఆగారు. "పరవాలేదు బావగారూ, ఉతికితే పోతుంది" అని ఆయన అంటుంటే, వీపు మీది నీలిముక్క ఒకటి రాలి కాఫీలో పడింది.

మేస్త్రికి కబురు పెట్టింది అక్కే. అతను వచ్చి గోడను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇప్పుడు రెండు గోకాల సామీ, మీ రంగూ, మీ తాత సున్నమూ. కూలి వేరేగా అవుతుంది."

బేరమాడబోయిన బావగారు అక్క ముఖం చూసి, మాట్లాడకుండా అడ్వాన్సు లెక్కపెట్టారు.