పేపరు తెమ్మనండి

జూన్‌లో బళ్లు తెరిచే ముందు విజయవాడలో ఏ బంధువుల ఇంటికెళ్లినా ఒకటే ప్రశ్న: "ఆరో తరగతికొచ్చాడు కదా, ఫౌండేషన్‌లో వేశారా?" ఫౌండేషన్ అంటే ఐఐటీ ప్రవేశ పరీక్ష కోసం చిన్న తరగతుల నుంచే ఇప్పించే కోచింగ్. ఆ పరీక్షకు ఇంకా ఏడేళ్లుంది. ఆ పిల్లాడికేమో మూడో వంతు, నాలుగో వంతు కలిపితే ఎంతో చెప్పడానికి ఇప్పటికీ తడబాటే.

ఆరు నుంచి ఎనిమిది దాకా చదువు తీరే మారిపోతుంది. రాష్ట్ర సిలబస్‌లో ఆరులో హిందీ వచ్చి చేరుతుంది. ఎనిమిదిలో సైన్సు భౌతిక, జీవశాస్త్రాలుగా విడిపోతుంది. లెక్కల్లో అంకెల మధ్యకు 'ఎక్స్' వచ్చి కూర్చుంటుంది. భిన్నాలు సరిగా రానివాళ్లు ఐదో తరగతిని ఎలాగోలా నెట్టుకొస్తారు. ఏడులో సమీకరణాల దగ్గర దొరికిపోతారు. మనం ఆల్జీబ్రా రావడం లేదనుకుని ట్యూషన్‌లో వేస్తాం. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకు 62 అని ఉంటుంది. పోయిన 38 ఎక్కడ పోయాయో చెప్పేది ఆన్సర్ పేపరు. ఎక్స్‌ను మూడుతో భాగించి ఒకటి కలిపితే ఐదు వచ్చింది, ఎక్స్ ఎంత? జవాబు 12. చాలామంది పిల్లలు 14 అని రాస్తారు. సమీకరణం అర్థంకాక కాదు, మూడుతో హెచ్చించేటప్పుడు ఆ ఒకటిని వదిలేశారు. పక్కన పది నిమిషాలు కూర్చుంటే దిద్దుకునే తప్పిది. మనకు ఆల్జీబ్రా రాకపోయినా ఫర్వాలేదు. "ఇదెలా చేశావో నాకు చెప్పు" అంటే చాలు, చెబుతూ చెబుతూ సగం తప్పులు వాడే పట్టుకుంటాడు. వన్‌టౌన్‌లో టిఫిన్ బండి నడిపే తల్లయినా ఈ పని చేయగలదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ప్రైవేటు బడుల్లో ఇలాంటివి మామూలే. వెళ్లినప్పుడు ర్యాంకు ఎంతని అడిగి వచ్చేయకండి, పేపరు చూపించమనండి. పాసయ్యాడు కదా అనుకుంటే లాభం లేదు. విద్యాహక్కు చట్టం మొదట్లో ఎనిమిది దాకా ఎవరినీ ఆపొద్దంది. ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపే వీలు ప్రభుత్వాలకు 2019 సవరణతోనే వచ్చింది. పాస్ అన్న మాట కింద చాలా లోపాలు దాక్కుంటాయి.

ఇక క్లాసు వాట్సాప్ గ్రూపు. హోంవర్క్ అమ్మ ఫోన్‌కి వస్తుంటే పిల్లాడు డైరీ ఎందుకు రాస్తాడు? రాత్రి తొమ్మిదింటికి చార్టు కోసం స్టేషనరీ షాపుకి పరిగెత్తేదీ మనమే. మా ఇంట్లో సౌరకుటుంబం చార్టుకి రంగులేసింది నేను. శనిగ్రహం వలయాలు బాగా కుదిరాయని బళ్లో మావాణ్ణి మెచ్చుకున్నారు! ఆ తర్వాత ఒకసారి ఊరుకున్నాను. తిట్లు తిన్నాడు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. డైరీ మాత్రం మొదలుపెట్టాడు. ఈ వయసులో చిన్న దెబ్బ తగలనివ్వడమే మంచిదని నా అభిప్రాయం. పదో తరగతిలో తగిలితే ఖరీదెక్కువ.

నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు కనీసం తొమ్మిది గంటలు, ఆపైన ఎనిమిది గంటలు కావాలి. ట్యూషన్ నుంచి రాత్రి తొమ్మిదిన్నరకొచ్చి, పొద్దున్నే ఆరుముప్పావుకి బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడే పిల్లాడికి అన్ని గంటలు ఎక్కడివి? ఆ ట్యూషన్‌లో చెప్పింది మర్నాడు క్లాసులో కునికిపాట్లకే పోతుంది.

ఫౌండేషన్ ఫీజుల గురించి అంత మాట్లాడుకునే ఊళ్లో ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) మాట మాత్రం తక్కువగా వినిపిస్తుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివేవాళ్లు రాసే స్కాలర్‌షిప్ పరీక్ష ఇది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12 వేలు వస్తాయి. బళ్లో హెడ్మాస్టరును ముందే అడిగి పెట్టుకోండి. ఎనిమిది దాటాక ఈ పరీక్ష రాయడానికి ఉండదు.