గుమ్మం మీది 713 అక్షరాలు

యెరూషలేములో మూడో అంతస్తు ఫ్లాట్. తమ్ముడు కొత్తగా కొన్నాడు, సామాన్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అమ్మినవాళ్లు గుమ్మాలకున్న మెజూజాలు వదిలి వెళ్లారు. తర్వాత వచ్చేది యూదుడే అయితే వాటిని పీక్కుపోకూడదని తల్మూదు (యూదుల పాత ధర్మచర్చల గ్రంథం) నాటి కట్టుబాటు. మెజూజా అంటే పైకి కనిపించే డబ్బీ కాదు, అందులో చుట్టిపెట్టిన చర్మపత్రం. ఇంటి ద్వారబంధాల మీద ఈ మాటలు రాయమని చెప్పే ద్వితీయోపదేశకాండంలోని రెండు భాగాలు (6:4–9, 11:13–21) దాని మీద చేత్తో రాసి ఉంటాయి. ఈ అక్కాతమ్ముళ్లు నేను కల్పించిన పాత్రలు. వాదన మాత్రం అలాంటి ఇళ్లల్లో నిజంగా నడిచేదే.

తమ్ముడు: ఎనిమిది గుమ్మాలు, ఎనిమిదింటికీ ఉన్నాయి. మళ్లీ కొనాలంటావేంటక్కా? బ్యాంకు వాయిదాలకే నడుం విరుగుతోంది.

అక్క: కొనమనలేదురా, విప్పి చూడమన్నాను. వీధి గుమ్మానిది చూడు. డబ్బీనీ ద్వారబంధాన్నీ కలిపి పెయింట్ కొట్టేశారు, అదీ రెండు పొరలు. అంటే ఎన్నేళ్లుగానో ఎవరూ తీయలేదు. ఇంటి మెజూజాని ఏడేళ్లలో రెండుసార్లు పరీక్ష చేయించాలి.

తమ్ముడు: లోపల ఉన్నది దేవుడి మాటే కదా. తీసి చూసినా, చూడకపోయినా అదే మాట.

అక్క: అదే మాట ఉందో లేదో చూడమంటున్నా. 22 వరుసలు, 713 అక్షరాలు. ఒక్కటి రాలిపోయినా మొత్తం పనికిరాదు. ఎండా తేమా తగిలితే చర్మం ముడుచుకుంటుంది, సిరా పెచ్చులూడుతుంది. మొదటి వరుసలో 'ఎహాద్' అని ఉంటుంది, దేవుడు ఒక్కడే అన్న చోట. ఆ హీబ్రూ మాట చివరి అక్షరం దాలెత్. దాని పై గీత కుడి చివర చిన్న కోణం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, చీమ తలంత. ఆ కోణం అరిగి గుండ్రంగా అయితే అది దాలెత్ కాదు, రేష్ అనే వేరే అక్షరం. అప్పుడు 'ఎహాద్' కాస్తా 'అహేర్' అవుతుంది. 'ఒక్కడు' అన్నచోట 'ఇంకొకడు' అని రాసి పెట్టుకున్నట్టు.

తమ్ముడు: చీమ తలంత తేడాని భూతద్దం పెట్టి వెతకడం భక్తా?

అక్క: భూతద్దంతోనే తేల్చరు. పోయినేడు మా వంటగదిది తీసుకెళ్తే, పరీక్షించే ఆయనకి ఒక అక్షరం దగ్గర అనుమానం వచ్చింది. పక్కింటి కుర్రాణ్ణి పిలిచాడు. ఆరేళ్లుంటాయేమో, అక్షరాలు వచ్చు గానీ వాక్యం అర్థం చేసుకుని ఊహించేంత తెలివి ఇంకా రాని వయసు. ఆ అక్షరం చుట్టూ కాగితం అడ్డం పెట్టి, "ఇదేంట్రా?" అన్నాడు. వాడేం చదివితే అదే. ఈ పద్ధతి తల్మూదులో ఉన్నదే. పండితుడి కన్ను అర్థాన్ని బట్టి సర్దుకుని చదివేస్తుంది. పిల్లాడి కన్ను ఉన్నదే చూస్తుంది.

తమ్ముడు: వాడేమన్నాడు?

అక్క: దాలెత్ అన్నాడు. నాకు ఊపిరి వచ్చింది.

తమ్ముడు: చూశావా, అదీ నా బాధ. నీకే అంత టెన్షన్! ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే చాలు, "మెజూజాలు చూపించారా?" అంటారు. వ్యాపారం పోతే అదే మాట. భయపెట్టి అమ్ముకుంటున్నారక్కా. తాయెత్తుని చేసేశారు.

(తాయెత్తు అన్న మాట దగ్గర నేను కాస్త ఆగాలి. మెజూజా గురించి చెప్పగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది గుమ్మానికి కట్టే నిమ్మకాయా మిరపకాయలే. పోలిక సులువుగా తడుతుంది, కానీ సరైంది కాదు.)

అక్క: అక్కడ నీతో గొడవ లేదు. మన పెద్ద ధర్మశాస్త్ర పండితుడు రాంబం (మైమోనిడీస్) కూడా నీలాగే మండిపడ్డాడు, 12వ శతాబ్దంలోనే. కొందరు పత్రం లోపల దేవదూతల పేర్లు ఇరికించేవాళ్లు, ఇంకా కాపాడుతుందని. వాళ్లకి పరలోకంలో భాగం లేదన్నాడు. దేవుడి ప్రేమ కోసం ఉన్న ఆజ్ఞని సొంత లాభానికి తాయెత్తు చేశారని ఆయన కోపం. జబ్బు చేస్తే డాక్టర్ దగ్గరికే వెళ్లు.

తమ్ముడు: మరి కాపాడే తాయెత్తు కానప్పుడు అక్షరం అరిగితే ఏం పోయింది? లోపలికి వస్తూ పోతూ తలుచుకుంటే చాలదా?

అక్క: పెళ్లయిన కొత్తలో నేనూ చాలనుకున్నా. ఒక షాపులో చవగ్గా ఇచ్చారని వెండి డబ్బీతో సహా కొన్నాను. రెండేళ్లు రోజూ దాన్ని ముట్టుకుని వేళ్లు ముద్దు పెట్టుకున్నా. విప్పిస్తే అది ప్రింట్ చేసిన కాగితం. చర్మం కాదు, సిరా కాదు, ఎవరూ రాయలేదు.

తమ్ముడు: ఆ రెండేళ్ల ముద్దులూ వృథానా?

అక్క: (కాసేపు ఆగి) వృథా అని నేననను. కానీ చేయాల్సిన పని జరగలేదు. గుమ్మం మీద తలుచుకో అని లేదురా, రాయి అని ఉంది. రాయడం జరగాలంటే ఒక మనిషి కూర్చోవాలి. సోఫేర్, అంటే ఇవి చేత్తో రాసే లేఖకుడు, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వరుసగా రాయాలి. మధ్యలో ఒకటి వదిలేసి, తర్వాత వచ్చి ఇరికిస్తే చెల్లదు.

తమ్ముడు: ఇప్పుడు స్కాన్ చేసి కంప్యూటర్‌తో చూస్తున్నారుగా. దాంతో అయిపోతుంది.

అక్క: తప్పిపోయిన అక్షరాన్ని అది బాగా పట్టుకుంటుంది, మనిషి కన్నా నయం. చేయిద్దాం. కానీ వరుస తప్పకుండా రాశాడో, చివర్లో ఇరికించాడో సిరా చూస్తే తెలియదు. దేవుడి పేరు రాసే ముందు ఆ పేరు కోసమే రాస్తున్నానని అనుకున్నాడో లేదో అసలే తెలియదు. నువ్వు కొనేది ఆ సోఫేర్ నిజాయితీని. అందుకే ఎవరు రాశారు, ఎవరు పరీక్షించారు అని అడగమంటాను. డబ్బీకి పోసే డబ్బు పత్రానికి పెట్టు. డబ్బీ ప్లాస్టిక్‌దైనా చాలు.

తమ్ముడు: సరే, పెట్టడం దగ్గరైనా సులువుగా పోనీ. మనది వాలుగా పెడతాం, మా ఆవిడ వాళ్ల నాన్న నిలువుగా పెడతాడు. ఎవరిది తప్పు?

అక్క: ఎవరిదీ కాదు. నిలువుగా అని పాతకాలపు పండితుడు రాషీ, అడ్డంగా అని ఆయన మనవడు రబ్బేను తామ్. ఇద్దర్నీ కాదనలేక అష్కెనాజీలు (మనలాంటి మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు) వాలుగా పెట్టారు, పై కొస ఇంటి లోపలి వైపు. సెఫార్దీలు (స్పెయిన్ మూలాలవాళ్లు) నిలువుగానే. లోపలికి వచ్చేటప్పుడు కుడివైపు, ద్వారబంధం పై మూడో వంతు మొదలయ్యే దగ్గర. బాత్రూమ్‌కి అక్కర్లేదు. బాల్కనీ తలుపుకి కుడి ఏ వైపో నాకూ తేలలేదు, రబ్బీని అడుగు.

తమ్ముడు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. వీధి గుమ్మం డబ్బీ చుట్టూ పెయింట్‌ని చాకుతో గీస్తుంటే తెల్లటి పెచ్చులు కొత్త టైల్స్ మీద రాలాయి. డబ్బీ ఊడొచ్చింది. వెనక 'వీధి' అని పెన్సిల్‌తో రాశాడు. తర్వాత 'వంటగది', 'పిల్లల గది'. ఏది ఎక్కడిదో మళ్లీ తెలియాలిగా. మూడు అట్టపెట్టె మీద వరసగా పెట్టి, నాలుగో దాని దగ్గర ఆగాడు.

తమ్ముడు: అన్నీ ఇవాళే తీసేస్తే రాత్రికి గుమ్మాలు బోసిగా ఉంటాయేమోనక్కా.

అక్క: తాయెత్తు కాదన్నావుగా?

తమ్ముడు: కాదు. అయినా బాగోదు.

అక్క: సరే, ఈ మూడూ ముందు చూపిద్దాం. మిగతావి ఎల్లుండి తీద్దువుగాని.