ఫ్యాన్ ఎందుకు ఆపేస్తున్నావని ఎవరూ అడగలేదు

మా తమ్ముడు ఎండాకాలంలో గది తలుపు వేసుకుని, ఫ్యాన్ ఆపేసి కూర్చునేవాడు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయినా సరే. నేను వెళ్లి ఫ్యాన్ వేస్తే, ఒక్క మాట అనకుండా లేచి స్విచ్ ఆపేసి మళ్లీ గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ‘ఏంట్రా ఈ మొండితనం’ అని నేను, ‘వాడికి పొగరు పెరిగింది’ అని నాన్న. ఎందుకు ఆపేస్తున్నావని మాత్రం ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. చాలా నెలల తర్వాత, మందులు పనిచేయడం మొదలయ్యాక వాడే చెప్పాడు. ‘ఫ్యాన్ తిరిగితే ఆ చప్పుడులోంచి మాటలు వినిపించేవక్కా. ఆపితే కాస్త తగ్గేవి.’

మేం మొండితనం అనుకున్నది వాడు తనకు తాను చేసుకుంటున్న వైద్యం. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను. వాడు చదివి, సరే పెట్టమన్నాకే పెడుతున్నాను.

వాడికి వచ్చింది సైకోసిస్. ఇది ఒక జబ్బు పేరు కాదు, జ్వరం లాంటి ఒక స్థితి. దాని వెనక ఆలోచనలు, నమ్మకాలు చాలాకాలం పాటు చెదిరిపోయే స్కిజోఫ్రెనియా ఉండొచ్చు, కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే బైపోలార్ ఉండొచ్చు, తీవ్రమైన డిప్రెషన్ ఉండొచ్చు, అసలు మానసిక జబ్బే కానిది కూడా ఉండొచ్చు. ఏది నిజంగా జరుగుతోందో, ఏది తన బుర్రలో పుడుతోందో తేడా తెలియకుండా పోతుంది. పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి, అవి భ్రాంతులు. ఎవరో వెంటాడుతున్నారనో, తన ఆలోచనలు అందరికీ తెలిసిపోతున్నాయనో గట్టిగా నమ్ముతారు, అవి భ్రమలు. మాట్లాడుతుంటే ఒక మాటకీ ఇంకో మాటకీ పొంతన ఉండదు.

అయితే ఇవన్నీ మేం చివర్లో చూసినవి. మొదట పోయింది నిద్ర. రాత్రంతా మేలుకుని తెల్లవారాక పడుకునేవాడు. తర్వాత స్నానం మానేశాడు. ప్రాణంలా చూసుకునే స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాడు. మార్కులు పడిపోయాయి. అమ్మ ఏదైనా చెప్పి నవ్వితే వాడి ముఖంలో ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఒక్కొక్క దానికీ మా దగ్గర ఒక పేరు సిద్ధంగా ఉండేది: ఫోన్ పిచ్చి, బద్ధకం, ప్రేమ వ్యవహారం, పరీక్షల టెన్షన్. విడివిడిగా చూస్తే అవే నిజం కావచ్చు కూడా, ఆ వయసులో ఇవి మామూలే కదా. కానీ అన్నీ కలిసి, వారాలు నెలలైనా తగ్గకుండా, మనిషే మారిపోయినట్టుంటే అది వయసు కాదు. స్కిజోఫ్రెనియా లాంటివి ఎక్కువగా బయటపడేది టీనేజీ చివర్లో, ఇరవైల్లోనే. ఇన్ని ఇళ్లలో దీన్ని ఇంత ఆలస్యంగా పోల్చుకోవడానికి అదే కారణమని నేననుకుంటాను.

తర్వాత పేపర్లో హెడ్డింగులు తన గురించే వేస్తున్నారనడం మొదలుపెట్టాడు. నేను వాదించాను. పేపర్ వాడి ముందు పరిచి, ‘ఇది వర్షాల వార్త, ఇందులో నీ పేరెక్కడుందో చూపించు’ అన్నాను. వాడు నావైపు జాలిగా చూశాడు. మర్నాటి నుంచి వాడి లెక్కలో నేనూ ‘వాళ్ల’లో ఒకదాన్ని అయిపోయాను. నా చేతి కాఫీ కూడా తాగేవాడు కాదు.

ఎందుకలా జరిగిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. షితిజ్ కపూర్ అనే సైకియాట్రిస్ట్ 2003లో చెప్పిన వివరణ ఒకటుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనుల్లో ఒకటి ‘ఇది ముఖ్యం, పట్టించుకో’ అని గుర్తు వేయడం. అది అదుపు తప్పితే మామూలు విషయాల మీద కూడా ఆ గుర్తు పడుతుంది. దారినపోయేవాడి దగ్గు, పేపర్లో ఒక అక్షరం, ఫ్యాన్ చప్పుడు, అన్నీ తనకేదో చెబుతున్నట్టే ఉంటాయి. ఇవన్నీ నాకే ఎందుకు చెబుతున్నాయని మనసు ఒక కారణం వెతుక్కుంటుంది. ఆ దొరికిన కారణమే భ్రమ. అంటే వాడికి ముందు వచ్చింది భయం, కథ తర్వాత పుట్టింది. నేనేమో కథ తప్పని రుజువులు చూపిస్తూ కూర్చున్నాను. ‘రాత్రుళ్లు బాగా భయమేస్తోందా, నిద్ర పడుతోందా’ అని అడిగి ఉంటే ఎన్ని నెలలు మిగిలేవో.

చివరికి తీసుకెళ్లినప్పుడు డాక్టరుగారు ముందు అడిగింది నిద్ర గురించే. తర్వాత గంజాయి గురించి. మేం ఉలిక్కిపడ్డాం గానీ, అడగాల్సిన ప్రశ్నే అది. చిన్న వయసు నుంచి గంజాయి, అందులోనూ మత్తు ఎక్కువున్న రకాలు, రోజూ తాగేవాళ్లకి సైకోసిస్ ముప్పు పెరుగుతుంది. ఏళ్ల తరబడి మద్యం తాగినవాళ్లు ఒక్కసారిగా మానేసినా రావచ్చు. ఆ తర్వాత రక్తపరీక్షలు, మెదడు స్కాన్ రాశారు. థైరాయిడ్, బి12 లోపం, మూర్ఛ, మెదడులో గడ్డ, ఎక్కువ మోతాదు స్టిరాయిడ్లు, వీటిలో దేనివల్లైనా ఇలా కావచ్చట. మన ఒంట్లో తయారైన యాంటీబాడీలే మెదడు మీద దాడిచేసే ఒక జబ్బును 2007లో జోసెప్ డాల్మౌ బృందం వివరించింది. మొదట్లో అది అచ్చం మానసిక జబ్బులాగే ఉంటుంది, వేళకి చికిత్స అందితే ఎక్కువమంది కోలుకుంటారు. అందుకే పరీక్షలు రాస్తే డబ్బు దండగ అనుకోకండి.

మా వాడికి ఇవేవీ లేవు. కొన్ని నెలలు చూశాక స్కిజోఫ్రెనియా అన్నారు. అమ్మ అడిగిన మొదటి మాట, ‘నా పెంపకంలో తప్పేం జరిగింది డాక్టరుగారూ?’ ఆ ప్రశ్న అమ్మకు ఊరికే రాలేదు. 1948లో ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మాన్ అనే సైకోఅనలిస్ట్ ఈ జబ్బు తెచ్చిపెట్టే తల్లులుంటారన్నట్టు ఒక మాట పుట్టించింది. ఆ నిందను తల్లులు దశాబ్దాల పాటు మోశారు. పరిశోధనల్లో అది నిలబడలేదు, నోళ్లలో మాత్రం నిలబడిపోయింది. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి స్కిజోఫ్రెనియా వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సగం కూడా ఉండదు. జన్యువుల పాత్ర పెద్దదే, కానీ వాటితోపాటు ఇంకెన్నో కలవాలి. ఒక తల్లిని పట్టుకుని నీవల్లే అనేంత సులువైన లెక్క కాదది.

ఇక ‘సైకో’ అనే మాట. ఘోరం చేసినవాడు ఎవడైనా సరే, వార్తల్లో వాడు సైకో. ఒకరోజు ఆ హెడ్డింగ్ చూసి మా తమ్ముడు నెమ్మదిగా లేచి టీవీ ఆపేసి లోపలికి వెళ్లిపోయాడు. ఎదుటివాళ్ల బాధ పట్టని సైకోపతి వేరు, సైకోసిస్ వేరు. సైకోసిస్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. దెబ్బలు తినేది, మోసపోయేది చాలాసార్లు వాళ్లే. ఆ మాట రాసేవాళ్లకి ఒక్కటే చెబుతున్నాను, అది చదివేవాళ్లలో మా వాడు ఉన్నాడు.

కొన్నిటికి ఒక్క రోజు కూడా ఆగకూడదు. చచ్చిపొమ్మనో, ఎవరినైనా ఏమైనా చెయ్యమనో మాటలు వినిపిస్తున్నాయంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాన్పయిన తొలి వారాల్లో తల్లికి నిద్ర పట్టకుండా పోయి, మాట తీరు మారి, బిడ్డ గురించి వింతగా మాట్లాడుతున్నా అంతే. 1000 కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, అది ఎమర్జెన్సీ. పచ్చి బాలింత, నిద్ర లేక అలా అంటోందిలే అని ఊరుకోవద్దు.

మందులతో మా వాడు బరువు పెరిగాడు, పొద్దున్నే మగతగా ఉండేవాడు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది. బాగయిపోయింది కదా అని ఒకసారి చెప్పకుండా ఆపేశాడు. రెండు నెలలకి ఒక మధ్యాహ్నం వాడి గదిలోకి వెళ్తే ఫ్యాన్ తిరగడం లేదు. ఈసారి నేను స్విచ్ ముట్టుకోలేదు. పక్కన కూర్చుని, ‘మళ్లీ వినిపిస్తున్నాయా నాన్నా?’ అన్నాను. తలూపాడు. మర్నాడే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఇదంతా చదివి వాడు ఒకటి కలపమన్నాడు. వినిపించేవన్నీ తిట్లు కాదట. ఒక గొంతు మాత్రం పేరుపెట్టి పిలిచి, నిద్రపోయావా అని అడిగేదట. మందులకి తిట్లతోపాటు అదీ పోయిందట. ‘కొన్నాళ్లు దానికోసం బెంగ పెట్టుకున్నానక్కా. అది కూడా రాయి.’