బ్యాలడ్‌లోంచి కథ ఎక్కడికి పోయింది?

నెమ్మదిగా సాగే ప్రతి ప్రేమపాటకీ మ్యూజిక్ యాప్‌లు ‘బ్యాలడ్’ అని పేరు తగిలిస్తుంటే, జానపద సాహిత్యం చదువుకున్న మిత్రులు మండిపడుతున్నారు. బ్యాలడ్ అంటే బొబ్బిలి కథలాంటి కథాగేయం కదా, విరహగీతాలకి ఆ పేరేమిటని! కోపం న్యాయమే. కానీ ఆ పని యాప్‌లు పుట్టకముందే జరిగిపోయింది.

అమెరికన్ జానపద పండితుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ సేకరించి 1882–98 మధ్య అచ్చువేసిన 305 ఇంగ్లిష్, స్కాటిష్ బ్యాలడ్‌లు చూడండి. హత్యలు, ఓడ మునకలు, దయ్యాలై ఇంటికొచ్చే కొడుకులు. పాడేవాడు తన గోడు వెళ్లబోసుకోడు. జరిగింది చెప్పి ఊరుకుంటాడు.

ఆ రోజుల్లోనే లండన్‌లో మరో బ్యాలడ్ రాజ్యమేలుతోంది. పియానో ఉన్న మధ్యతరగతి ఇళ్ల కోసం అచ్చేసిన పాట అది. బూసీ అనే ప్రచురణ సంస్థ 1867లో బ్యాలడ్ కచేరీలు మొదలుపెట్టింది. పేరున్న గాయకులు వేదిక మీద పాడేవారు, అమ్ముడైన ప్రతి కాపీకీ రాయల్టీ పుచ్చుకునేవారు. మామూలు గొంతుకి అందాలి, విన్నవాళ్ల కళ్లు చెమర్చాలి. ఇంకేం, పాట నెమ్మదించింది.

అయినా కథ ఇంకా చావలేదు. అమెరికాలో 1892లో చార్లెస్ కె. హారిస్ అచ్చువేసిన ‘ఆఫ్టర్ ది బాల్’ చూడండి. పెళ్లెందుకు చేసుకోలేదని అన్న కూతురో అక్క కూతురో అడిగితే ఓ ముసలాయన చెబుతాడు: నాట్యవేడుకలో తన ప్రియురాలు ఎవరినో ముద్దుపెట్టుకోవడం చూసి వదిలేశాడట, అతను ఆమె అన్నదమ్ముడని ఏళ్ల తర్వాత తెలిసిందట. గుండె పిండే ఈ కథంతా చరణాల్లోనే ఉంది. జనం నోట మిగిలింది మాత్రం పల్లవి!

తర్వాత డ్యాన్స్ బ్యాండ్‌లు, మూడు నిమిషాల 78 ఆర్‌పీఎమ్ రికార్డులు వచ్చాయి. పల్లవే పాటైపోయింది. చరణం చిన్న ఉపోద్ఘాతంగా కుంచించుకుపోయి, చివరికి దాన్నీ వదిలేయడం మామూలైంది. 1930లకల్లా జాజ్ వాయిద్యకారులకి బ్యాలడ్ అంటే నెమ్మదైన పాట, సాధారణంగా ప్రేమపాట. రాక్ వాళ్ల పవర్ బ్యాలడ్‌లు, అంటే నెమ్మదిగా మొదలై హోరెత్తే పాటలు, దాని వారసులే.

నా బాధ ఆ పేరు గురించి కాదు, కోతపడ్డ చరణాల గురించి. జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1950ల్లో పాత పాటలతో చేసిన తన ‘సాంగ్‌బుక్’ ఎల్పీ రికార్డుల్లో చాలా పాటలకి ఆ ఉపోద్ఘాతాలు కూడా పాడింది. వినండి, ఆ వేదన ఎవరిదో, ఎందుకో అప్పుడు తెలుస్తుంది. ఇవాళ పాటకి మూడు నిమిషాల హద్దేమీ లేదే! పాత పాటల్ని మళ్లీ పాడే గాయకులారా, చరణాలతో సహా పాడండి.